గన్నవరం నుంచి ఏ ఊరికి ఎంత దూరం, ఎంతసేపు: విమాన దూరాన్నీ ప్రయాణ సమయాన్నీ మీరే లెక్కకట్టుకునే పద్ధతి

'గుంటూరు నుంచి ఢిల్లీకి విమాన దూరం ఎంత' అని ఫోన్లో అడిగితే 1,405 కిలోమీటర్లు, రెండుంపావు గంటలు అని ఠక్కున జవాబొస్తుంది. గుంటూరులో విమానం ఎక్కే చోటే లేదు. ఇలాంటి సైట్లు చాలావరకు చేసేదల్లా రెండు ఊళ్ల మధ్య భూగోళం మీద ఓ గీత గీసి, గంటకు 800 కిలోమీటర్ల చొప్పున భాగించి, పైన అరగంట కలపడం. ఆ అంకె తప్పేం కాదు. కానీ దాన్ని నమ్ముకుని ఢిల్లీలో మధ్యాహ్నం పన్నెండింటికి మీటింగ్ ఒప్పుకుంటే మాత్రం ఇరుక్కుంటారు. గుంటూరు అరండల్‌పేటలో తలుపుకు తాళం వేసిన దగ్గర్నుంచి ఢిల్లీలో చేరాల్సిన చోటికి చేరేదాకా దాదాపు ఏడు గంటలు పడుతుంది. రెండుంపావు ఏడెలా అయిందో, అందులో ఒక్కో ముక్కనూ ఎలా తేల్చుకోవాలో వరసగా చూద్దాం. సైంటిఫిక్ కాలిక్యులేటర్ ఉన్న ఫోను, ఒక కాగితం ఉంటే చాలు.

ముందు ఏది లెక్కకడుతున్నామో తేల్చుకోండి

దూరం అనే మాటకు ఇక్కడ మూడు అర్థాలున్నాయి. ఒకటి, రెండు విమానాశ్రయాల మధ్య భూగోళం మీద అతి దగ్గరి దూరం. దీన్ని వైమానిక దూరం అందాం. రెండు, విమానం నిజంగా ఎగిరిన దారి. ఇది మొదటిదానికన్నా ఎప్పుడూ ఎక్కువే. మూడు, రోడ్డు లేదా రైలు దూరం. విజయవాడ నుంచి విశాఖకు రైల్లో 350 కిలోమీటర్లు, విజయవాడ విమానాశ్రయం ఉన్న గన్నవరం నుంచి విశాఖ విమానాశ్రయానికి గాల్లో సుమారు 290.

సమయమూ అంతే. విమానం నేల వదిలి మళ్లీ నేల తాకేదాకా గాల్లో ఉండే సమయం ఒకటి. కెప్టెన్ మైకులో 'గంటా యాభై నిమిషాల్లో ఢిల్లీ చేరతాం' అంటే చెప్పేది ఇదే. టికెట్ మీద కనిపించేది వేరు: బే (విమానాన్ని నిలిపి ఉంచే చోటు) నుంచి విమానం కదిలిన క్షణం నుంచి అక్కడ బేలో ఆగేదాకా. ఇందులో విమానం రన్‌వే దాకా నేలమీద నడవడం, ముందున్న విమానాల కోసం ఆగడం, దిగాక గేటు దాకా వెళ్లడం అన్నీ కలిసి ఉంటాయి. పైగా కంపెనీలు ఆలస్యమైనా 'టైముకే వచ్చాం' అనిపించుకోవడానికి పది పదిహేను నిమిషాలు ముందే కలిపి పెట్టుకుంటాయి. అరగంట ఆలస్యంగా బయలుదేరిన విమానం పావుగంట ఆలస్యంతోనే దిగడం వెనుక రహస్యం చాలాసార్లు ఇదే. ఇక మూడోది ఇంటి నుంచి ఇంటికి పట్టే సమయం, మీకు నిజంగా కావలసింది.

మొదటి మెట్టు: అక్షాంశ రేఖాంశాలు తీసుకోవడం

ఊరివి కాదు, విమానాశ్రయానివి తీసుకోవాలి. గూగుల్ మ్యాప్స్‌లో రన్‌వే మధ్యలో వేలు పెట్టి నొక్కి పట్టుకుంటే పిన్ను పడుతుంది, పైన రెండు అంకెలు కనిపిస్తాయి. మొదటిది అక్షాంశం, రెండోది రేఖాంశం. మనకు ఎక్కువగా పనికొచ్చేవి ఇవి:

- గన్నవరం (కోడ్ వీజీఏ): 16.530 ఉత్తరం, 80.797 తూర్పు
- శంషాబాద్ (హెచ్‌వైడీ): 17.240 ఉత్తరం, 78.429 తూర్పు
- ఢిల్లీ (డీఈఎల్): 28.556 ఉత్తరం, 77.100 తూర్పు
- బెంగళూరు (బీఎల్ఆర్): 13.198 ఉత్తరం, 77.706 తూర్పు
- దుబాయ్ (డీఎక్స్‌బీ): 25.253 ఉత్తరం, 55.364 తూర్పు
- డాలస్ (డీఎఫ్‌డబ్ల్యూ): 32.897 ఉత్తరం, 97.038 పశ్చిమం

పశ్చిమ రేఖాంశానికీ దక్షిణ అక్షాంశానికీ ముందు మైనస్ పెట్టాలి. డాలస్ మైనస్ మర్చిపోతే ఆ పాయింటు వెళ్లి చైనాలో పడుతుంది.

ఇంకో పొరపాటు దీనికన్నా ఎక్కువ జరుగుతుంది, కంటికీ ఆనదు. పాత పుస్తకాల్లో, కొన్ని సైట్లలో గన్నవరం 16°31′48″ అని ఉంటుంది. దాన్ని 16.31 అని కొట్టేస్తారు. డిగ్రీకి 60 నిమిషాలు, 100 కాదు. 31ని 60తో, 48ని 3,600తో భాగించి కలపాలి: 0.5167 + 0.0133 = 0.53. అంటే 16.53. 16.31 అని వేస్తే గన్నవరం 24 కిలోమీటర్లు దక్షిణానికి జరిగిపోతుంది. ఢిల్లీ లెక్కలో ఆ తేడా పెద్దగా తెలియదు, హైదరాబాద్ లెక్కలో తెలుస్తుంది.

విమానాశ్రయం సరైనదేనా అన్నది కూడా ఇక్కడే చూసుకోండి. గోవాకు రెండున్నాయి: దక్షిణాన దబోలిం, ఉత్తరాన 2023 జనవరి నుంచి నడుస్తున్న మోపా. ఢిల్లీ అని కొన్న టికెట్ ఒక్కోసారి ఘజియాబాద్ దగ్గరి హిండన్‌కు అయి ఉంటుంది. ముంబైకి నవీ ముంబై తోడైంది. విశాఖ అంటే నగరంలోని నౌకాదళ విమానాశ్రయమా, భోగాపురమా అని కూడా ఇకమీదట అడగాల్సిందే. మూడక్షరాల కోడ్ చూసి నిర్ధారించుకోండి. ఊరి పేరు చూసి కాదు.

రెండో మెట్టు: దేశంలో ఊళ్లకు దూరం

రెండు వేల కిలోమీటర్లలోపు అయితే స్కూల్లో నేర్చుకున్న లంబకోణ త్రిభుజం చాలు. ఉత్తర దక్షిణాల్లో ఒక డిగ్రీ ఎక్కడైనా దాదాపు 111 కిలోమీటర్లు. తూర్పు పడమరల్లో మాత్రం ఉత్తరానికి పోయేకొద్దీ తగ్గుతుంది. భూమధ్యరేఖ దగ్గర 111 ఉండేది, విజయవాడ అక్షాంశానికి వచ్చేసరికి సుమారు 107 అవుతుంది, ఢిల్లీ దగ్గర 98కి దిగుతుంది. అందుకని ఆ భాగాన్ని రెండు ఊళ్ల సగటు అక్షాంశపు కొసైన్‌తో గుణించాలి.

గన్నవరం–ఢిల్లీ చూద్దాం.

1. అక్షాంశాల తేడా: 28.556 − 16.530 = 12.026. దీన్ని 111తో గుణిస్తే 1,335 కి.మీ.
2. రేఖాంశాల తేడా: 80.797 − 77.100 = 3.697.
3. సగటు అక్షాంశం: (28.556 + 16.530) ÷ 2 = 22.54. దీని కొసైన్ 0.9236.
4. 3.697 × 111 × 0.9236 = 379 కి.మీ.
5. 1,335 వర్గం, 379 వర్గం కలిపి వర్గమూలం తీస్తే 1,388 కి.మీ.

గోళం లెక్క ప్రకారం చేస్తే 1,390 వస్తుంది. టికెట్ కొనే పనికి ఈ రెండు కిలోమీటర్ల తేడా లెక్కలోకి రాదు.

కాలిక్యులేటర్ డిగ్రీల్లో ఉందో రేడియన్లలో ఉందో ముందే చూడాలి. కొసైన్ 60 కొట్టండి. 0.5 వస్తే డిగ్రీల్లో ఉన్నట్టు. మైనస్ 0.952 వస్తే రేడియన్లలో ఉంది, మార్చుకోండి. ఎక్సెల్ అయితే ఎప్పుడూ రేడియన్లలోనే పనిచేస్తుంది. డిగ్రీల అంకెను ముందు రేడియన్లలోకి మార్చే ఫంక్షన్‌లో పెట్టి ఆ తర్వాతే కొసైన్ తీయాలి. దూరం నమ్మశక్యం కాకుండా వచ్చిందంటే నూటికి తొంభై పాళ్లు తప్పు ఇక్కడే.

ఇదే పద్ధతిలో గన్నవరం నుంచి వచ్చే దూరాలు సుమారుగా: హైదరాబాద్ 264, విశాఖ 290, తిరుపతి 350, చెన్నై 400, బెంగళూరు 498, ముంబై 887, కోల్‌కతా 1,050. వీటన్నిటికీ ఏడాది పొడవునా నేరు విమానాలు ఉంటాయని కాదు. షెడ్యూల్ మార్చి చివర్లో ఒకసారి, అక్టోబరు చివర్లో ఒకసారి మారుతుంది. నేరుగా లేకపోతే మధ్యలో దిగే ఊరి మీదుగా రెండు దూరాలూ విడివిడిగా కట్టి కలపాలి. గన్నవరం నుంచి కోల్‌కతాకు హైదరాబాద్ మీదుగా పంపే టికెట్లో విమానం ముందు పడమటికి 264 కిలోమీటర్లు పోయి, ఆ తర్వాత తూర్పుకు తిరుగుతుంది. టికెట్ చౌకగా ఉందని తీసుకునే ముందు మ్యాపు ఓసారి చూడండి.

లెక్కలతో పనిలేదనుకుంటే కంప్యూటర్‌లో గూగుల్ మ్యాప్స్ తెరిచి, ఒక రన్‌వే మీద మౌసు కుడి బటన్ నొక్కి దూరం కొలిచే ఆప్షన్ తీసుకుని, రెండో రన్‌వే మీద నొక్కండి. ఫోన్లోనూ పిన్ను వేసి కిందికి జరిపితే అదే ఆప్షన్ వస్తుంది. అయినా చేత్తో ఒకసారి చేసి చూడమనేది ఎందుకంటే, ఆ తర్వాత ఏ సైటు ఏ అంకె చూపినా నమ్మదగ్గదో కాదో మీకే తెలిసిపోతుంది.

అమెరికా దాకా వెళ్లే లెక్క

దూరం నాలుగైదు వేల కిలోమీటర్లు దాటితే త్రిభుజం పనికిరాదు, భూమి గుండ్రతనం అడ్డొస్తుంది. అప్పుడు ఈ సూత్రం వాడాలి: రెండు అక్షాంశాల సైన్‌లను గుణించండి. రెండు అక్షాంశాల కొసైన్‌లను, రేఖాంశాల తేడా కొసైన్‌నూ గుణించండి. రెండూ కలపండి. వచ్చినదానికి ఆర్క్ కొసైన్ తీస్తే కోణం డిగ్రీల్లో వస్తుంది. దాన్ని 111.19తో గుణిస్తే కిలోమీటర్లు.

శంషాబాద్–డాలస్: రేఖాంశాల తేడా 78.429 + 97.038 = 175.467 డిగ్రీలు. మొదటి గుణకారం 0.161. రెండోది మైనస్ 0.799, ఎందుకంటే 90 డిగ్రీలు దాటిన కోణానికి కొసైన్ మైనస్ అవుతుంది. మొత్తం మైనస్ 0.638. కోణం 129.68 డిగ్రీలు. దూరం సుమారు 14,420 కిలోమీటర్లు.

రేఖాంశాల తేడా 180కి అంత దగ్గరగా ఉండటంలోనే అసలు విషయం ఉంది. మన నెత్తిన సూర్యుడున్నప్పుడు డాలస్‌లో అర్ధరాత్రి. భూగోళానికి వాళ్లు దాదాపు అవతలివైపున ఉన్నారు కాబట్టి అతి దగ్గరి దారి తూర్పుకూ కాదు, పడమరకూ కాదు, నేరుగా ఉత్తరానికి. పిల్లల గ్లోబు ఇంట్లో ఉంటే ఒక దారం తీసుకుని రెండు చోట్లా బిగించి పట్టుకోండి. దారం ఉత్తర ధ్రువానికి ఐదారు వందల కిలోమీటర్ల దగ్గరగా పోతుంది. గోడమీది మ్యాపులో విమానం గీత వంపు తిరిగి, చుట్టూ తిప్పి తీసుకెళ్తున్నట్టు కనిపించేది మ్యాపు చదునుగా ఉండటం వల్లే. గీతలో వంకర ఏమీ లేదు.

అయితే మనవాళ్లు వెళ్లేది ఆ దారిన కాదు, ఎక్కువగా దుబాయ్, దోహా, అబూధాబీల మీదుగా. అదెంత చుట్టు? శంషాబాద్–దుబాయ్ 2,546, దుబాయ్–డాలస్ సుమారు 12,920. కలిపితే 15,470 దాకా. నేరు దారికన్నా 1,050 కిలోమీటర్లు మాత్రమే ఎక్కువ. గంటా పావు ప్రయాణం. కాబట్టి అమెరికా టికెట్లలో ఒకటి 23 గంటలు, ఇంకోటి 31 గంటలు ఉంటే ఆ తేడా దూరంలో లేదు, మధ్యలో దిగిన చోట కుర్చీలో కూర్చునే గంటల్లో ఉంది. టికెట్లు పోల్చేటప్పుడు చూడాల్సింది దానినే.

దూరం నుంచి సమయానికి

పెద్దగా జ్ఞాపకం పెట్టుకోవాల్సినవి మూడే.

విమానం గీత గీసినట్టు పోదు. గాల్లో నిర్ణయించిన మార్గాలుంటాయి, సైన్యం వాడుకునే గగనతలం తప్పించుకోవాలి, రన్‌వే ఎటు ఉంటే అటు తిరిగి దిగాలి. గన్నవరం రన్‌వే దాదాపు తూర్పు పడమరలుగా ఉంది. గాలిని బట్టి తూర్పు ముఖంగా లేచిన ఢిల్లీ విమానం ఏలూరు వైపు కాస్త పోయి ఉత్తరానికి తిరుగుతుంది. అందుకని వైమానిక దూరానికి దూర ప్రయాణాలైతే 5 శాతం, ఐదారు వందల కిలోమీటర్లలోపు అయితే 7, 8 శాతం కలపండి. తిరగడానికి పట్టే చోటు రెండిట్లోనూ ఒకటే, చిన్న దూరంలో అది పెద్ద వాటా అవుతుంది.

రెండోది వేగం. ఎయిర్‌బస్ 320, బోయింగ్ 737 లాంటి జెట్‌లు పైకి వెళ్లాక గంటకు 830 కిలోమీటర్లకు అటూ ఇటూగా పోతాయి. రెక్కల మీద పంకాలుండే ఏటీఆర్ 72 గరిష్ఠంగా 500 దాకా పోతుంది, లెక్కకు 480 వేసుకోండి. ఏ విమానమో టికెట్ బుక్ చేసేటప్పుడు వివరాల్లో ఉంటుంది. కోడ్ ఏటీ7 అని ఉంటే ఏటీఆర్.

మూడోది కలపాల్సిన నిమిషాలు. నేలమీద నడవడానికి, పైకెక్కేటప్పుడూ దిగేటప్పుడూ వేగం తక్కువగా ఉండటానికి కలిపి జెట్‌కు 35 నిమిషాలు, ఏటీఆర్‌కు 25.

ఢిల్లీకి: 1,390కి 5 శాతం కలిపితే 1,460. దాన్ని 830తో భాగిస్తే గంటా నలభై ఐదు నిమిషాలు. 35 కలిపితే రెండు గంటల ఇరవై నిమిషాలు. టికెట్ మీద కూడా రెండుంపావు, రెండున్నర మధ్యే ఉంటుంది.

బెంగళూరుకు: 498కి 7 శాతం కలిపితే 533. జెట్ అయితే 39 నిమిషాలకు 35 కలిపి గంటా పావు. ఏటీఆర్ అయితే 67కు 25 కలిపి గంటన్నర. షెడ్యూల్‌లో ఈ రెండిటికీ మరో పది నిమిషాలు ఎక్కువే కనిపిస్తాయి, పైన చెప్పిన ముందుజాగ్రత్త నిమిషాలు అవి.

హైదరాబాద్ దగ్గరికొచ్చేసరికి విచిత్రం జరుగుతుంది. 264కు 8 శాతం కలిపితే 285. జెట్‌కు 21 + 35 = 56 నిమిషాలు. ఏటీఆర్‌కు 36 + 25 = 61 నిమిషాలు. అంత వేగం తేడా ఉన్నా మిగిలింది ఐదు నిమిషాలే. జెట్ పూర్తి ఎత్తుకు ఎక్కడానికి 150 నుంచి 200 కిలోమీటర్లు పట్టుకుంటుంది, దిగడం మొదలుపెట్టేది గమ్యానికి 200 కిలోమీటర్ల ముందే. మొత్తం దారే 285 అయినప్పుడు 35 వేల అడుగులకు పోనేపోదు, తక్కువ ఎత్తులోనే సర్దుకుని దిగిపోతుంది. అందుకే చిన్న దూరాలకు జెట్ దొరకలేదని బాధపడనక్కర్లేదు.

గాలి చేసే పని

విమానం వేగం చుట్టూ ఉన్న గాలితో పోల్చి లెక్కిస్తారు. గాలే కదులుతుంటే ఆ వేగం కలుస్తుంది, లేదా తీసివేత అవుతుంది. చలికాలంలో ఉత్తర భారతం మీద, హిమాలయాలకు దక్షిణంగా, తొమ్మిది నుంచి పన్నెండు కిలోమీటర్ల ఎత్తులో పడమటి నుంచి తూర్పుకు బలమైన గాలి ప్రవాహం ఉంటుంది. పడమటికి పోయే విమానానికి అది ఎదురు, తూర్పుకు వచ్చేదానికి తోడు.

శంషాబాద్–దుబాయ్ 2,546కు 5 శాతం కలిపితే 2,673. గాలి గంటకు 60 కిలోమీటర్లు ఎదురైతే నేలమీద వేగం 770. మూడు గంటల ఇరవై ఎనిమిది నిమిషాలు, 35 కలిపితే నాలుగు గంటల మూడు నిమిషాలు. వచ్చేటప్పుడు అదే గాలి తోడైతే 890. మూడు గంటలకు 35 కలిపి మూడు ముప్పై ఐదు. ఒకే దారి, ఒకే విమానం, దాదాపు అరగంట తేడా. గల్ఫ్ నుంచి వచ్చే విమానాలు ముందే దిగడం, వెళ్లేవి నిదానించడం ఇందుకే.

వానాకాలంలో ఇది కొంత తిరగబడుతుంది. జూన్ నుంచి సెప్టెంబరు దాకా దక్షిణ భారతం మీద బాగా ఎత్తున వీచేది తూర్పు గాలి. నేలమీద నైరుతి రుతుపవనం పడమటి నుంచి వీస్తుంటే పైన గాలి దానికి ఎదురు దిక్కున పోతుంటుంది. కింద చెట్లు ఊగే దిక్కు చూసి విమానం ముందొస్తుందా వెనకొస్తుందా అని ఊహించడం కుదరదు.

గగనతలం మూసేసినా లెక్క మారుతుంది. 2025 ఏప్రిల్ 24న పాకిస్తాన్ తన గగనతలాన్ని భారత విమానాలకు మూసేశాక ఢిల్లీ నుంచి యూరప్, అమెరికా వెళ్లే మన కంపెనీల విమానాలు దక్షిణంగా చుట్టు తిరగాల్సి వచ్చింది. హైదరాబాద్ నుంచి గల్ఫ్‌కు వెళ్లే దారి అరేబియా సముద్రం మీదుగా కాబట్టి దానిమీద దెబ్బ తక్కువ.

టికెట్ మీది గడియారాలు

టికెట్‌పై బయలుదేరే సమయం ఇక్కడి గడియారం ప్రకారం, చేరే సమయం అక్కడి గడియారం ప్రకారం ఉంటాయి. రెండూ తీసివేస్తే వచ్చేది ప్రయాణ సమయం కాదు. పడమటికి వెళ్తే తేడా కలపాలి, తూర్పుకు వెళ్తే తీసేయాలి.

దుబాయ్ మనకన్నా గంటన్నర వెనుక. శంషాబాద్‌లో ఉదయం 10.00కు బయలుదేరి అక్కడ 12.20కి దిగితే, కనిపించే 2 గంటల 20 నిమిషాలకు గంటన్నర కలపాలి: 3 గంటల 50 నిమిషాలు. తిరుగు ప్రయాణంలో అక్కడ రాత్రి 9.45కు ఎక్కి ఇక్కడ తెల్లవారుజామున 2.45కు దిగితే, కనిపించే ఐదు గంటల్లోంచి గంటన్నర తీసేయాలి: మూడున్నర. సింగపూర్ మనకన్నా రెండున్నర గంటలు ముందు.

డాలస్‌కు కాలాన్ని బట్టి మారుతుంది. మార్చి రెండో ఆదివారం నుంచి నవంబరు మొదటి ఆదివారం దాకా తేడా పదిన్నర గంటలు, మిగతా కాలంలో పదకొండున్నర. వేసవిలో శంషాబాద్‌లో ఉదయం 4.00కు ఎక్కి డాలస్‌లో అదే రోజు సాయంత్రం 4.30కు దిగితే కనిపించేది పన్నెండున్నర గంటలు, నిజంగా గడిచేది 23.

ఇక్కడే అందరూ బోల్తా పడే సంగతి ఇంకోటుంది. ఉదయం 4.00 విమానం '12వ తేదీ' అంటే 11వ తేదీ సాయంత్రమే బయలుదేరాలి. 12 రాత్రి అనుకుంటే విమానం వెళ్లి దాదాపు ఒక రోజవుతుంది. అర్ధరాత్రి 12.10 టికెట్లు మరీ ప్రమాదం. టికెట్ రాగానే ఇల్లు వదిలే తేదీని, వారాన్ని క్యాలెండర్ మీద రాసిపెట్టుకోండి. చేరే సమయం పక్కన ప్లస్ ఒకటి అని ఉంటే మరుసటి రోజు దిగుతారని అర్థం, తీసుకెళ్లడానికి వచ్చేవాళ్లకు ఆ తేదీ చెప్పాలి.

ఇంటి నుంచి ఇంటికి

దీన్ని వెనక నుంచి ముందుకు కట్టాలి. గన్నవరంలో ఉదయం 10.00కు ఢిల్లీ విమానం అనుకోండి. దేశీయ విమానాలకు సాధారణంగా బ్యాగులు తీసుకునే కౌంటర్ 60 నిమిషాల ముందు మూసేస్తారు, గేటు 25 నిమిషాల ముందు. వెబ్ చెకిన్ చేసినా బ్యాగు ఇవ్వాలంటే 9.00 అనేది గీత. ఆ గీతకు ముప్పావు గంట ముందు, అంటే 8.15కు విమానాశ్రయంలో ఉండాలి.

గుంటూరు నుంచి గన్నవరం సుమారు 55 కిలోమీటర్లు. కాజ టోల్ దాటి, మంగళగిరి, కనకదుర్గ వారధి, బెంజి సర్కిల్ ఫ్లైఓవర్, రామవరప్పాడు, ఎనికేపాడు, నిడమానూరు, గూడవల్లి, కేసరపల్లి. ఖాళీగా ఉంటే గంటా పావులో పోవచ్చు, కానీ ఎనిమిదిన్నర దాటితే వారధి నుంచి నిడమానూరు దాకా ముక్క ఎప్పుడు ఎలా ఉంటుందో చెప్పలేం. గంటా ముప్పావు వేసుకుని 6.30కు బయలుదేరండి. కాజ నుంచి నగరంలోకి రాకుండా పోయే పడమటి బైపాస్‌లో ఆరోజు ఏ భాగం తెరిచి ఉందో మ్యాపులో చూసి, డ్రైవర్‌ను అడిగి నిర్ణయించుకోవచ్చు. విజయవాడ బెంజి సర్కిల్ వాళ్లకైతే 18, 20 కిలోమీటర్లే. ముప్పావు గంట చాలు.

12.20కి ఢిల్లీలో బేలో ఆగుతుంది. బ్యాగు రావడానికి 20 నుంచి 30 నిమిషాలు. మూడో టెర్మినల్ నుంచి ఎయిర్‌పోర్ట్ మెట్రో న్యూఢిల్లీ స్టేషన్‌కు దాదాపు 20 నిమిషాల్లో చేరుస్తుంది. రైలు కోసం ఆగడం, నడక కలిపితే 1.30. మొత్తం ఏడు గంటలు. ఒకటో టెర్మినల్లో దిగితే ఆ మెట్రో ఉండదు, వేరే లైను పట్టుకోవాలి. విజయవాడ నుంచి న్యూఢిల్లీకి రైల్లో సుమారు 1,750 కిలోమీటర్లు, వేగంగా పోయే వాటికి కూడా దాదాపు ఒక రోజు. ఇక్కడ విమానానికి తిరుగులేదు.

హైదరాబాద్‌కు మాత్రం ఇదే లెక్క వేరేగా తేలుతుంది. గుంటూరు నుంచి గన్నవరం గంటా ముప్పావు, అక్కడ గంటా ముప్పావు, విమానం గంట, బ్యాగు, శంషాబాద్ నుంచి నగరంలోకి గంట. ఐదున్నర దాటింది. అదే సమయంలో కారు కూకట్‌పల్లి దాకా పోతుంది. శంషాబాద్‌లో ఇంకో విమానం ఎక్కే పనుంటే తప్ప గుంటూరు వాళ్లకు ఈ విమానంలో సమయం కలిసిరాదు. విజయవాడలో గన్నవరం వైపు ఉన్నవాళ్లకు ఓ గంట కలిసొస్తుంది, అదీ చేతిసంచితో వెళ్తేనే.

శంషాబాద్‌లో ఎక్కాల్సి వస్తే

విజయవాడ నుంచి శంషాబాద్‌కు రోడ్డు మీద సుమారు 280 కిలోమీటర్లు: నందిగామ, జగ్గయ్యపేట, కోదాడ, సూర్యాపేట, చౌటుప్పల్, పెద్ద అంబర్‌పేట దగ్గర అవుటర్ రింగ్ రోడ్డు ఎక్కి శంషాబాద్‌లో దిగడం. మామూలుగా ఐదు గంటలు. కీసర, చిల్లకల్లు, కొర్లపహాడ్, పంతంగి టోల్‌గేట్లు దారిలో ఉంటాయి. విదేశీ విమానానికి మూడు గంటల ముందు చేరాలి, దారిలో టీ, టైరు పంక్చరు లాంటివాటికి ఇంకో గంట ఉంచుకోవాలి. ఉదయం 4.00 విమానానికి ముందురోజు సాయంత్రం 7.00కల్లా విజయవాడ దాటాలి, గుంటూరు వాళ్లు 6.00కల్లా. సంక్రాంతికి సెలవుపై వచ్చి పండగ అయిన వెంటనే తిరిగి వెళ్లేవాళ్లు పంతంగి దగ్గర వరస కట్టే కార్లను లెక్కలో వేసుకుని ఇంకో రెండు మూడు గంటలు ముందు కదలాలి, లేదా ఒకరోజు ముందే హైదరాబాద్‌లో బంధువుల ఇంటికి చేరాలి.

గన్నవరం నుంచి విమానంలోనే వెళ్లి శంషాబాద్‌లో విదేశీ విమానం పట్టుకునేట్టయితే రెండూ ఒకే పీఎన్నార్‌లో ఉండేలా కొనండి. మొదటిది ఆలస్యమై రెండోది తప్పితే ముందుకు పంపే బాధ్యత కంపెనీది అవుతుంది. విడివిడిగా కొంటే రెండో కంపెనీకి మీ మొదటి విమానంతో సంబంధం లేదు, బ్యాగు కూడా బయటికొచ్చి తీసుకుని మళ్లీ ఇవ్వాలి. విడిగా కొనక తప్పకపోతే మధ్యలో కనీసం ఐదు గంటలు ఉంచండి. డిసెంబరు, జనవరిల్లో అయితే గన్నవరంలో తొలి ఉదయపు విమానాన్ని నమ్ముకోవద్దు. పొగమంచు పట్టిన రోజు హైదరాబాద్ నుంచి రావలసిన విమానం పైన చుట్లు కొట్టి వెనక్కి మళ్లడం అరుదు కాదు. ఆ నెలల్లో ముందురోజు మధ్యాహ్నపు విమానమో, రాత్రి కారో చూసుకోండి.